రాక్ పాటలు వింటే ఇంగ్లిష్ వస్తుందా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం, తర్వాత ఖమ్మంలో డిగ్రీ. ఏడాదిగా హైదరాబాద్‌లో ఒక కంపెనీ బ్యాక్ ఆఫీసులో పని చేస్తున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ విశాఖ కుర్రాడు. గిటార్ వాయిస్తాడు, ఎప్పుడూ పాత ఇంగ్లిష్ రాక్ పాటలే పెడతాడు. వినగా వినగా నాకూ ఆ పిచ్చి పట్టింది. 'వీటితోనే ఇంగ్లిష్ వచ్చేస్తుంది రా' అంటాడు వాడు. ఆ మాట నమ్మి 'హోటల్ కాలిఫోర్నియా', 'బొహీమియన్ రాప్సొడీ', 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటల్లో తెలియని మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని అర్థాలు బట్టీ పట్టాను. కొన్ని డిక్షనరీలోనే లేవు. ఉన్నవాటిని వాడే సందర్భం రాదు, వారం తిరిగేసరికి మర్చిపోతున్నాను. దీనికి తోడు మొన్న ఒక మెయిల్‌లో 'ఎయింట్ నో ప్రాబ్లమ్' అని రాస్తే మా టీమ్ లీడర్ దాన్ని అందరి ముందూ చదివి నవ్వించారు. ఇక పాటలు మానేసి గ్రామర్ పుస్తకం పట్టుకోవాలా? పాటలతోనే నేర్చుకోవచ్చంటే ఏ పాటలు, ఎలా? వాళ్లు పలికినట్టే పలకడం అలవాటు చేసుకోవాలా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: మానేయకండి. ఆ మూడు పాటలనూ మాత్రం కొన్నాళ్లు సరదాగా వినడానికే ఉంచుకోండి. నోట్‌బుక్ కొత్తది కొనండి. మీ రూమ్మేట్ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఎటొచ్చీ ఏ పాటలు వినాలో చెప్పలేదు, పాటలోంచి ఏం తీసుకోవాలో చెప్పలేదు. అసలు సంగతంతా ఆ రెండింటిలోనే ఉంది.

మీరు ఎంచుకున్నవి రాక్ అభిమానులు నెత్తిన పెట్టుకునే పాటలు. మాటలు నేర్చుకోవడానికి మాత్రం అంతకన్నా మొండి పాటలు వెతికినా దొరకవు. క్వీన్ బృందం 1975లో తెచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' చూడండి. స్కారముష్ అంటే పాత ఇటాలియన్ నాటకాల్లో ప్రగల్భాలు పలికే హాస్యగాడు. ఫాండాంగో ఒక స్పానిష్ నాట్యం. గెలీలియో ఖగోళ శాస్త్రవేత్త. బిస్మిల్లా అంటే ఏమిటో హైదరాబాద్‌లో ఉంటున్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ బట్టీ పట్టాక మీకు కొత్తగా వచ్చిన ఇంగ్లిష్ ఎంత? లెడ్ జెప్లిన్ 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' కూడా అంతే. అందులోని హెడ్జ్‌రో అంటే ఇంగ్లండ్ పల్లెల్లో పొలాల మధ్య కంచెలా పెంచే పొదల వరుస. మే క్వీన్ అంటే అక్కడి మే నెల పండుగలో పూలకిరీటం పెట్టుకునే అమ్మాయి. తెలుసుకుంటే బాగుంటుంది, కానీ మీ ఆఫీసులో ఏ ఎక్సెల్ షీట్‌లోనూ హెడ్జ్‌రో రాదు. డిక్షనరీలో దొరకలేదన్నది బహుశా 'హోటల్ కాలిఫోర్నియా'లోని కొలిటాస్ అయి ఉంటుంది. అది స్పానిష్ మాట, చిన్న తోకలు అని అర్థం. ఆ పాటలో గంజాయి మొగ్గలను అలా అన్నారని ఎక్కువమంది చెప్పుకుంటారు.

ఇదే పాట చివర్లో ఒక చమత్కారం ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెక్ అవుట్ చేయొచ్చట, కానీ ఎన్నటికీ అక్కణ్నుంచి వెళ్లలేరట. చెక్ అవుట్ అంటే బిల్లు కట్టి, తాళంచెవి ఇచ్చి గది ఖాళీ చేయడం. లీవ్ అంటే అక్కడి నుంచి వెళ్లిపోవడం. ఆ రెండింటికీ ఉన్న తేడా పట్టుకుంటేనే ఆరున్నర నిమిషాల పాట ఎక్కడికొచ్చి ఆగిందో తెలుస్తుంది. మీ నోట్‌బుక్‌లో కొలిటాస్ ఉంటుంది. చెక్ అవుట్ ఉండదని నా అనుమానం. తెలిసిన మాటే కదా అని వదిలేసి ఉంటారు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు పెద్ద పెద్ద మాటలు రావని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. 'నెవర్‌దలెస్', 'కాన్సిక్వెంట్లీ' లాంటివి పరీక్షల పుణ్యమా అని వచ్చేసే ఉంటాయి. తడబడేది 'రన్ అవుట్', 'ఎండ్ అప్', 'టర్న్ డౌన్' దగ్గర. రన్ తెలుసు, అవుట్ తెలుసు. రెండూ కలిస్తే మాత్రం క్రికెట్ తప్ప ఇంకేమీ తోచదు. అవతలివాళ్లు మాట్లాడే ఇంగ్లిష్‌లో, మెయిళ్లలో, మీటింగుల్లో నిండి ఉండేవి ఇవే. పాటల్లోనూ నిండా ఇవే. కాబట్టి పాటలోంచి విడి మాటలు ఏరుకోకండి, వాక్యం ముక్కను ఉన్నదున్నట్టు తీసుకోండి. మీ నోట్‌బుక్‌లో మారాల్సింది ముందుగా ఇదే.

పాటకు ఉన్న బలం కూడా అక్కడే. తెలుగులో 'ఎ', 'ద' లాంటి ఆర్టికల్స్ లేవు. అందుకే సూత్రాలన్నీ చదివినా మాట్లాడేటప్పుడు అవి జారిపోతాయి. ఏదైనా పాటలో 'ద' తీసేసి పాడి చూడండి, తాళం తప్పుతుంది. అక్కడ అది ఉండాలని సూత్రం గుర్తు రాకముందే నోటికి తెలిసిపోతుంది. ప్రిపొజిషన్లూ అంతే, క్రియారూపాలూ అంతే. వాక్యం బాణీలో బిగిసి ఉంటుంది కాబట్టి పొల్లు పోకుండా గుర్తుంటుంది.

మొదటి పాటగా క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికన్ బృందం పాట 'హ్యావ్ యు ఎవర్ సీన్ ద రెయిన్' పెట్టుకోండి. 1970 చివర్లో వచ్చిన ఆల్బమ్‌లోది. పాట చిన్నది, వేగం తక్కువ, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. దాని పేరే మనకొక పాఠం. 'ఎప్పుడైనా చూశావా' అని మనం భూతకాలంలో అడుగుతాం. ఆ అలవాటు కొద్దీ ఇంగ్లిష్‌లోనూ 'డిడ్ యు ఎవర్ సా' అనేస్తాం. ఈ పాట ఒకసారి నోట్లో నానిందంటే 'హ్యావ్ యు ఎవర్' అన్న తర్వాత 'సీన్' తప్ప ఇంకోటి రాదు. సీన్ తీసేసి ట్రైడ్, బీన్, వర్క్‌డ్ పెట్టుకుంటూ పోండి, ఆఫీసులో అడగాల్సిన ప్రశ్నలు సగం వచ్చేస్తాయి. 'కామ్ బిఫోర్ ద స్టార్మ్' అనే జాతీయం కూడా మొదట్లోనే ఉంది. తుఫాను ముందు ప్రశాంతత అని మన పేపర్లు రాసేది దీన్నే. ఇక ఎండ కాస్తుండగా కురిసే వాన గురించి విడమర్చి చెప్పేదేముంది, 'ఎండా వానా కుక్కకీ నక్కకీ పెళ్లి' అని పాడుకుంటూ పెరిగినవాళ్లం. రాసిన జాన్ ఫొగర్టీ మాత్రం అందులో పెళ్లి సంబరం చూడలేదు. పేరూ డబ్బూ వచ్చిపడుతున్న రోజుల్లోనే బృందం ముక్కలవుతున్న బాధను అలా చెప్పానన్నాడు.

రెండోది పింక్ ఫ్లాయిడ్ 'విష్ యు వర్ హియర్', 1975. ఇందులోనూ పేరులోనే పాఠం ఉంది. 'ఐ విష్ యు ఆర్ హియర్' అని రాసేవాళ్లు మీ ఆఫీసులోనూ ఉండే ఉంటారు. లేనిదాన్ని కోరుకుంటున్నప్పుడు అక్కడ 'వర్' రావాలి. విహారయాత్రలకు వెళ్లిన ఇంగ్లిష్‌వాళ్లు ఇంటికి పంపే పోస్ట్‌కార్డుల మీద రాసే మామూలు మాట ఇది. దాన్నే తీసుకుని, 1968లో తమ బృందానికి దూరమైన సిడ్ బారెట్‌ను తలుచుకుంటూ పాట కట్టారు. మొదటి చరణంలో 'టెల్' అనే మాట గమనించండి. టెల్ అంటే చెప్పడం అని మనం మూడో తరగతిలో నేర్చుకుని అక్కడే ఆగిపోయాం. ఇక్కడ 'టెల్ హెవెన్ ఫ్రమ్ హెల్' అంటే స్వర్గమేదో నరకమేదో పోల్చుకోవడం. 'ఈ రెండు ఫైళ్లకూ తేడా తెలియడం లేదు' అని చెప్పాలంటే ఈ 'టెల్', 'ఫ్రమ్' చాలు: 'ఐ కాంట్ టెల్ దిస్ ఫైల్ ఫ్రమ్ ద అదర్'. తర్వాతి చరణంలో 'వాక్-ఆన్ పార్ట్' అని వస్తుంది. సినిమాల్లో ఇలా వచ్చి అలా వెళ్లిపోయే, డైలాగ్ లేని వేషం. దాన్ని ఇచ్చేసి 'లీడ్ రోల్' తీసుకున్నావా, అదీ పంజరంలో, అని అడుగుతాడు. 'ఎక్స్‌చేంజ్' తర్వాత 'ఫర్' రావాలని ఇంత గట్టిగా గుర్తుండేలా ఏ గ్రామర్ పుస్తకమూ చెప్పలేదు.

ఈ రెండూ అయ్యాక మీరు తీరిగ్గా కూర్చుని నమలాల్సిన పాట డీప్ పర్పుల్ 'స్మోక్ ఆన్ ద వాటర్'. 1972లో వచ్చిన 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లోది. మీ రూమ్మేట్ గిటార్ పట్టుకున్న కొత్తలో మొదట నేర్చుకున్న ముక్క ఇదే అయినా ఆశ్చర్యం లేదు, గిటార్ నేర్చుకునేవాళ్లంతా ముందు దీని మీదే పడతారు. ఆ గిటార్ ముక్కకు ఉన్న పేరు వల్ల మాటలను ఎవరూ పట్టించుకోరు. నిజానికి ఆ మాటలు అచ్చంగా పేపర్లో వచ్చిన వార్తలా ఉంటాయి. 1971 డిసెంబరులో ఈ ఇంగ్లిష్ బృందం ఆల్బమ్ రికార్డ్ చేసుకుందామని స్విట్జర్లాండ్‌లోని మోంత్రో అనే ఊరికి వెళ్లింది. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న అక్కడి క్యాసినోలో రికార్డింగ్ అనుకున్నారు. అంతకుముందు అక్కడ ఫ్రాంక్ జాపా అనే అమెరికన్ సంగీతకారుడి కచేరీ ఉంది. డిసెంబరు 4న ఆ కచేరీ నడుస్తుండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ పేల్చాడు. ఓడలు ఆపదలో ఉన్నప్పుడు సంకేతంగా ఆకాశంలోకి పేల్చే నిప్పు తుపాకీ అది. క్యాసినో మొత్తం తగలబడిపోయింది. పొగ సరస్సు మీదికి కమ్ముకుంటుంటే వీళ్లు చూశారు. పాట పేరు అదే. తర్వాత చోటు కోసం తిరిగి తిరిగి, చివరికి ఖాళీగా పడి ఉన్న ఒక హోటల్లో ఆల్బమ్ పూర్తి చేశారు.

కథ తెలిశాక పాట వినండి, ఒక్కో ముక్కా ఎక్కడ పడుతుందో చూడండి. 'బర్న్ డౌన్', 'బర్న్ టు ద గ్రౌండ్' అంటే కాలి బూడిదవడం, మన మాటలో నేలమట్టం. క్లోడ్ అనే ఆయన పిల్లలను కాపాడటానికి 'రన్నింగ్ ఇన్ అండ్ అవుట్'. ఆయన క్లోడ్ నాబ్స్, మోంత్రో జాజ్ ఉత్సవాన్ని స్థాపించినవారిలో ఒకరు. 'టైమ్ వాజ్ రన్నింగ్ అవుట్' అంటే గడువు దగ్గర పడుతోంది. ఈ రన్ అవుట్‌కి వికెట్లతో పనిలేదు. మీ ఆఫీసులో సాయంత్రం ఆరు గంటలకు ఎవరో ఒకరు అనే మాటే ఇది. 'వి ఎండెడ్ అప్ ఎట్' అంటే ఎక్కడెక్కడో తిరిగి చివరికి అక్కడ తేలాం. ఇది తెలుగువాళ్లకు చాలా అవసరమైన మాట. 'ఫైనల్లీ' అని మనం ఎక్కడపడితే అక్కడ వాడేస్తాం కానీ, అనుకోకుండా జరిగిన సంగతికి 'ఎండ్ అప్' ఒక్కటే సరిపోతుంది. 'షీట్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది' అనడానికి 'ఐ ఎండెడ్ అప్ రీడూయింగ్ ద హోల్ షీట్'. చివర్లో 'నో మేటర్ వాట్' అని ఒకటుంది, ఏది ఏమైనా సరే అని. ఇందులో ఒక్క మాట డిక్షనరీలో వెతకాల్సినంత కష్టమైనది ఉందా? అయినా ఇవి వాడటం వస్తే మీ ఇంగ్లిష్ వినేవాళ్లకు వేరుగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. ఆ పాటలో 'మొబైల్' అంటే ఫోన్ కాదు. రోలింగ్ స్టోన్స్ బృందానికి లారీలో అమర్చిన రికార్డింగ్ స్టూడియో ఉండేది, వీళ్లు దాన్ని తెచ్చుకున్నారు. ఇంకోటి, ఫ్లేర్ గన్ పేల్చినవాణ్ని 'సమ్ స్టూపిడ్' అంటాడు. స్టూపిడ్ విశేషణం. దాని తర్వాత ఎవరో చెప్పాలి, 'స్టూపిడ్ ఫెలో' అనో మరోటో. పాటకు అక్కర్లేదు, మీకు కావాలి.

విశేషణాలు అన్నాను కాబట్టి సూపర్‌ట్రాంప్ బృందం 1979లో పాడిన 'ద లాజికల్ సాంగ్' చెప్పకుండా ఉండలేను. మీరు అడిగింది వొకాబులరీ కదా, దానికి ఇంతకన్నా మంచి పాట నాకు తెలియదు. లాజికల్, ప్రాక్టికల్, క్లినికల్, సినికల్, రాడికల్ అని ఒక వరుస. సెన్సిబుల్, రెస్పాన్సిబుల్, డిపెండబుల్, యాక్సెప్టబుల్, రెస్పెక్టబుల్, ప్రెజెంటబుల్ అని ఇంకో వరుస. మాటకు 'అల్', 'ఏబుల్' చేర్చి విశేషణం ఎలా చేస్తారో పాట పూర్తయ్యేసరికి తెలిసిపోతుంది. డిపెండ్ తెలిస్తే డిపెండబుల్ వస్తుంది, లాజిక్ తెలిస్తే లాజికల్ వస్తుంది. ఎక్కడ ఒత్తి పలకాలో కూడా బాణీయే చెబుతుంది: లాజికల్‌లో 'లా' మీద, రెస్పాన్సిబుల్‌లో 'స్పాన్' మీద. మనం తెలుగులో అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి ఇది పుస్తకంలో చదివితే అంటుకోదు. సెన్సిబుల్ అంటే వివేకం ఉన్న, ఆలోచించి నడుచుకునే అని. మన సినిమా పేజీల్లో 'సెన్సిబుల్ డైరెక్టర్' అని రాసేది చాలాసార్లు సున్నితమైన సినిమాలు తీసే ఆయన అనే అర్థంలో. ఇంగ్లిష్‌లో దానికి సెన్సిటివ్ అనాలి. పాట చివర్లో వచ్చే వెజిటబుల్ కూడా కూరగాయ కాదు, చలనం లేకుండా పడి ఉండే మనిషి. చిన్నప్పుడు లోకం అద్భుతంగా కనిపించే పిల్లాణ్ని దూరంగా బడికి పంపి, ఎలా నడుచుకోవాలో అన్నీ నేర్పి, తానెవరో మాత్రం నేర్పలేదని ఆ పాట గోడు. రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇంటర్ చదివిన మీ స్నేహితులకు ఈ పాట ఎవరూ వివరించక్కర్లేదు.

మీ మెయిల్ సంగతికి వద్దాం. ముందుగా, ఒకరి మెయిల్ పదిమందిలో చదివి నవ్వించడం మర్యాద కాదు, ఆ తప్పు మీది కాదు. ఇక 'ఎయింట్' విషయానికొస్తే, అది యామ్ నాట్, ఈజ్ నాట్, ఆర్ నాట్, హ్యావ్ నాట్ అన్నింటికీ బదులు నిలబడే మాట. ఎవరి గురించైనా ఒక్క దెబ్బలో సరిపోతుంది కాబట్టి పాటలవాళ్లకు ప్రాణం. పాటల్లో 'ఎయింట్ నో' అని రెండు కాదులు కలిపి వాడటం కూడా తెలియక చేసింది కాదు. మన 'అవకాశం లేకపోలేదు' అన్న మాటలో రెండు లేదులు కలిసి ఉందని అర్థమిస్తాయి. ఆఫీసు ఇంగ్లిష్ లెక్క కూడా అదే. నల్లజాతి అమెరికన్ల వాడుకలో, లండన్ శ్రామికుల వాడుకలో మాత్రం రెండు కాదులు కలిస్తే ఇంకా గట్టి కాదు. బ్లూస్ పాటలు పుట్టింది ఆ మొదటి వాడుకలోంచే. వాటిని వింటూ పెరిగిన ఇంగ్లండ్ కుర్రాళ్లు ఆ మాటతీరును కూడా తెచ్చుకున్నారు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'ఐ కాంట్ గెట్ నో' అంటూ తృప్తి దొరకడం లేదని పాడింది అలాగే. బీటిల్స్ అదే ఏడాది 'టికెట్ టు రైడ్'లో 'డజంట్' రావాల్సిన చోట 'షి డోంట్' అన్నదీ అందుకే. 1979లో పింక్ ఫ్లాయిడ్ లండన్‌లోని ఇజ్లింగ్టన్ గ్రీన్ స్కూల్ పిల్లలతో 'వి డోంట్ నీడ్ నో ఎడ్యుకేషన్', మాకు చదువు వద్దని పాడించిన వాక్యంలో వ్యాకరణం తప్పే. చదువు వద్దనే వాక్యం తప్పుగా ఉండటమే అందులో వేళాకోళం.

శతక పద్యం మనకు నోటికొచ్చినంత మాత్రాన కిరాణా కొట్టుకెళ్లి 'కప్పురంబు' ఇవ్వమని అడగం. కర్పూరం అంటాం. ఆ తేడా తెలుగులో మనకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లిష్‌లో ఆ తేడా తెలిసేంత చుట్టుపక్కల వినలేదు కాబట్టి, చూసుకుని తెలుసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. మాట పక్కన 'ఇన్‌ఫార్మల్', 'స్లాంగ్', 'అఫెన్సివ్', 'నాన్-స్టాండర్డ్' అని చిన్న గుర్తు వేసి ఉంటుంది. అర్థం కన్నా ముందు ఆ గుర్తు చూడండి. ఇంతకీ మీరు రాయాల్సింది 'నో ప్రాబ్లమ్ ఎట్ ఆల్'. టీమ్ లీడర్‌తో కాస్త దూరంగానే ఉండాలనుకుంటే 'దట్స్ ఫైన్ విత్ మి'.

ఆ 'అఫెన్సివ్' గుర్తును తేలిగ్గా తీసుకోకండి. డయర్ స్ట్రెయిట్స్ 1985లో పాడిన 'మనీ ఫర్ నథింగ్' మాటలకు చాలా మంచి పాట. టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణంలో పనివాడు మ్యూజిక్ వీడియోలు చూస్తూ గొణుక్కునే మాటలవి. న్యూయార్క్‌లో అలాంటి షాపులో వినిపించిన మాటలనే ఆ బృందం గాయకుడు మార్క్ నాఫ్లర్ పాటగా రాసుకున్నాడు. ఇన్‌స్టాల్ చేయడం, డెలివరీ ఇవ్వడం, రిఫ్రిజరేటర్లు మోయడం అన్నీ ఉంటాయి. రెండో చరణంలో స్వలింగ సంపర్కులను కించపరిచే మాట కూడా ఉంది. ఆ పనివాడి నోటి దురుసు చూపించడానికే పెట్టానని నాఫ్లర్ అన్నాడు. అయినా 2011లో కెనడా రేడియోల్లో దాని మీద పెద్ద వివాదమే నడిచింది. అర్థం తెలియకుండా హాస్టల్ మెట్ల మీద గట్టిగా పాడితే, 'ఎయింట్'కి నవ్వినంత తేలిగ్గా జనం ఊరుకోరు.

ఇప్పుడు నోట్‌బుక్. పాటకు ఒక పేజీ చాలు. ముందు లిరిక్స్ చూడకుండా వినండి, మీకు ఏం వినిపించిందో తెలుగు లిపిలోనే అయినా సరే రాయండి. అర్థం కాని చోట గీత గీసి వదిలేయండి. వేగం ఎక్కువనిపిస్తే యూట్యూబ్‌లో 0.75కి తగ్గించుకోండి. తర్వాత లిరిక్స్ పెట్టుకుని మీరు రాసినదాంతో పోల్చండి. లిరిక్స్ సైట్లలో తప్పులు బోలెడు, రెండు చోట్ల సరిచూసుకోండి. మీకు తప్పు వినిపించిన చోట్లే మీ చెవి ఎక్కడ ఆగుతోందో చెబుతాయి. తప్పు వినడం మనకొక్కరికే కాదు. క్రీడెన్స్‌వాళ్ల 1969 పాట 'బ్యాడ్ మూన్ రైజింగ్'లో చెడ్డ చంద్రుడు ఉదయిస్తున్నాడన్న మాట, కుడి పక్కన బాత్రూమ్ ఉందన్నట్టుగా ఇంగ్లిష్‌వాళ్లకే వినిపించింది. 'మూన్ ఆన్ ద రైజ్' కలిపి పలికితే అలా అవుతుంది. ఫొగర్టీ కూడా కచేరీల్లో సరదాకి బాత్రూమ్ అనే పాడేస్తుంటాడు.

ఆ తర్వాత మొత్తం పాటలోంచి ఐదారు ముక్కలే ఎంచుకోండి. ఒక్కో ముక్క కింద తెలుగు అర్థం రాయొద్దు, మీ జీవితంలోంచి ఒక వాక్యం రాయండి. హాస్టల్ మెస్, షిఫ్ట్, జీతం, ఊరికి వెళ్లే బస్సు, ఏదైనా సరే. 'వి ర్యాన్ అవుట్ ఆఫ్ రైస్ ఎట్ ద మెస్' అని రాసుకున్నవాళ్లు 'రన్ అవుట్ ఆఫ్' మర్చిపోవడం కష్టం. పక్కన మెయిల్‌లో రాయొచ్చా, మాట్లాడేటప్పుడు వాడొచ్చా, పాటకే పరిమితమా అని గుర్తు పెట్టుకోండి. మర్నాడు నోట్‌బుక్ మూసి ఆ వాక్యాలు పైకి చెప్పండి. తర్వాత మూడు రోజులకోసారి, వారానికోసారి. గుర్తు రాకపోతే పాట ఆ చోటికి పాడుకుంటూ వెళ్లండి, ముక్క దానంతటదే వస్తుంది. విడి మాటల జాబితాకు ఈ సౌకర్యం లేదు. అందుకే మీరు వారంలో మర్చిపోయారు. ఒక పాట పూర్తిగా నోటికొచ్చేదాకా రెండోది ముట్టుకోకండి.

గ్రామర్ పుస్తకం కూడా ఉంచుకోండి, పాటలో ఒక రూపం తగిలినప్పుడు వెతుక్కోవడానికి. 'విష్' తర్వాత 'వర్' ఎందుకొచ్చిందో ఆ రోజు తెరిచి చూస్తే ఆ పేజీ గుర్తుంటుంది. పాటలు ఇవ్వలేనిది కూడా ఉంది. పెండింగ్, అటాచ్‌మెంట్, ఫాలో-అప్, రీషెడ్యూల్ అని ఏ రాక్ గాయకుడూ పాడడు. వాటికి మీకు వచ్చే మెయిళ్లే పాఠ్యపుస్తకం. బాగా రాసేవాళ్లు ఎవరో గమనించి, వాళ్ల వాక్యాలు కూడా ఇదే నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

మాటలన్నీ తెలిసినా పాట అర్థం కాకపోవచ్చు, అది కూడా తెలిసి ఉండండి. 'ద పోలీస్' అనే రాక్ బృందం 1983 పాట 'ఎవ్రీ బ్రెత్ యు టేక్'లో స్కూలు పిల్లలకు తెలియని మాట దాదాపు లేదు. ప్రేమపాట అనుకుని పెళ్లిళ్లలో వేసేవాళ్లున్నారు. నిజానికి అది వదిలి వెళ్లిన మనిషిని అడుగడుగునా కనిపెట్టి ఉండేవాడి పాట. మీకు ఇష్టమైన అమ్మాయికి పంపేముందు ఒకసారి ఆలోచించండి.

ఉచ్చారణ గురించి అడిగారు. పాటలో పలికినట్టు పలకొద్దు. పాడేవాళ్లే మాట్లాడేటప్పుడు అలా పలకరు. ఫొగర్టీ కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో పక్కన పెరిగినవాడు. 1969లో 'ప్రౌడ్ మేరీ' పాడినప్పుడు మాత్రం అమెరికా దక్షిణాది నదీతీరంలో పుట్టిపెరిగినవాడిలా 'టర్నింగ్'ను 'టోయినిన్' అన్నాడు. రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతం మనిషి, పాడేది అమెరికన్ యాసలో. అరువు తెచ్చుకున్న యాసను మళ్లీ మీరు అరువు తెచ్చుకోవడం దేనికి? పాటల నుంచి తీసుకోవాల్సింది మాట ముగింపు. తెలుగులో మాట చివర అచ్చు ఉండటం మనకు అలవాటు కాబట్టి టైమ్‌ను టైము, ఫైర్‌ను ఫైరు అంటాం. తెలుగు వాక్యంలో అది అందంగానే ఉంటుంది, ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం వినేవాళ్లకు ఇంకో అక్షరం ఎక్కడి నుంచో వచ్చినట్టుంటుంది. పాటతో గొంతు కలిపినప్పుడు ఆ చివరి 'ఉ'కు చోటు దొరకదు, తర్వాతి దెబ్బ మీద పడిపోతుంది. మీ రూమ్మేట్‌ను గిటార్ మీద 'విష్ యు వర్ హియర్' నెమ్మదిగా వాయించమని, 'విష్'లో 'వ' పలికేటప్పుడు ఈల వేయబోతున్నట్టు పెదాలు గుండ్రంగా పెట్టి పాడండి. 'వెరీ'లో 'వ'కు పై పళ్లు కింది పెదవికి తగలాలి. ఈ రెండు 'వ'లూ వేరయ్యాక ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి, సరిగ్గా రాలేదంటే ఆ ఒక్క చరణమే మళ్లీ పాడండి.